కామిక్ కాన్ టేబుల్‌కు పైసలు కట్టే ముందు కోరుట్లలో చదివేవాళ్లు కావాలి

2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక ప్రకటన చేశారు. దేశంలో 15,000 సెకండరీ స్కూళ్లలో, 500 కాలేజీల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ నేర్పే ల్యాబ్‌లు పెట్టేందుకు ముంబయిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రియేటివ్ టెక్నాలజీస్‌కు సాయం చేస్తామన్నారు. 2030 నాటికి ఈ రంగానికి 20 లక్షల మంది కావాలన్నది సర్కారు అంచనా. బడ్జెట్ అనగానే మన ఇళ్లల్లో చూసేది గ్యాస్ ధర, బంగారం మీద సుంకం, గల్ఫ్ నుంచి వచ్చేటోళ్ల సామాను మీద కస్టమ్స్. కామిక్స్ మాట పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఎక్కాల్సిన ఇళ్లు మాత్రం ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో హైస్కూలు పిల్లల నోట్‌బుక్కులు వెనక నుంచి తిరగేయండి. నరుటో, లూఫీ, గోకు కనబడతారు. అందరి చెయ్యీ ఒక్కతీరుగా ఉండదు కానీ, కొందరిది చూస్తే ఇది ఊరికే టైంపాస్ కాదని తెలిసిపోతుంది. అలాంటి పిల్లలకు ఫోన్‌లో హైదరాబాద్ కామిక్ కాన్ వీడియోలు కనబడుతుంటాయి. తమ పుస్తకం తామే అచ్చేసుకుని, టేబుల్ ముందు కూర్చుని, అమ్ముకునే ఆర్టిస్టులు కనబడుతుంటారు. "నేనూ టేబుల్ తీసుకుంటా" అంటారు. ఇంట్లో వచ్చే జవాబు తెలిసిందే: "బొమ్మలు గీస్తే రోటీ వస్తుందా బేటా?"

అది తప్పు ప్రశ్న కాదు. దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో ఎండలో నిలబడి అబ్బా పంపే పైసల్లోంచి ముప్పై వేలు తీసి ఒక టేబుల్ మీద పెట్టాలంటే ఆ ప్రశ్న అడగాల్సిందే. కాకపోతే చాలా ఇళ్లల్లో ఆ ప్రశ్నను అడగడం కోసం కాదు, మాట ముగించడం కోసం వాడుతున్నారు. ఇక్కడ దాన్ని నిజంగానే అడిగి చూద్దాం.

ఈ మేళా ఎవరిది?

భారత్‌లో కామిక్ కాన్ 2011 ఫిబ్రవరిలో ఢిల్లీ హాట్‌లో మొదలైంది. 2013లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు మాదాపూర్ వైపు హైటెక్స్ హాళ్లలో జరుగుతోంది. 2024 ఆరంభంలో ఈ కామిక్ కాన్ ఇండియా సంస్థను నోడ్విన్ అనే గేమింగ్ కంపెనీ 55 కోట్లకు కొన్నది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతాది అర్థమవుతుంది. పేరులో కామిక్ ఉన్నా, హాల్‌లో ఎక్కువ చోటు గేములది, అనిమేది, సినిమా, సిరీస్‌లది, టీషర్టులు, బొమ్మలు అమ్మే పెద్ద స్టాళ్లది. పాత్రల వేషాలేసుకుని వచ్చేటోళ్లను చూడటానికే సగం జనం వస్తారు. దీన్ని తప్పుపట్టాల్సిన పని లేదు, అది వాళ్ల వ్యాపారం. సొంతంగా కామిక్ వేసుకునే ఒంటరి ఆర్టిస్టుకు ఇచ్చేది ఆర్టిస్ట్ ఆలీ అనే ఒక వరస. పేరుకు తగ్గట్టే అది గల్లీ. పెద్ద రోడ్డు వేరే ఉంటుంది.

అన్ని దేశాల్లో ఇలాగే ఉండదు. టోక్యోలో 1975 డిసెంబర్‌లో 32 చిన్న బృందాలతో, సుమారు 700 మంది జనంతో కామికెట్ మొదలైంది. ఇప్పుడు దానికి వచ్చేది లక్షల్లో. అక్కడ కేంద్రం సొంత పుస్తకం అచ్చేసుకుని తెచ్చుకునే మామూలు మనుషులే. జనం వచ్చేదే వాళ్ల పుస్తకాలు కొనడానికి. మన దగ్గర జనం దేనికోసమో వస్తారు, పోతూపోతూ ఆర్టిస్టు టేబుల్ దగ్గర ఆగితే ఆగుతారు. కోరుట్ల పిల్ల ఫోన్‌లో చూసే వీడియోలో ఈ తేడా కనబడదు.

లెక్క వేద్దాం

కింది అంకెలు ఒక ఉదాహరణ కోసం అనుకున్నవి. టేబుల్ అద్దె ఏడాదిని బట్టి, చోటును బట్టి మారుతుంది, అచ్చు ధర ప్రెస్‌ను బట్టి మారుతుంది. ఎవరి అంకెలు వాళ్లు వేసుకుంటే సరి.

24 పేజీల చిన్న పుస్తకం, 200 కాపీలు, ఒక్కోటి 50 రూపాయలకు అచ్చవుతుందనుకుందాం. 10,000. టేబుల్‌కు 12,000 అనుకుందాం. మూడు రోజులు ఇద్దరు మనుషులు ఉండటానికి, తినడానికి 6,000. బ్యానర్, స్టాండ్, కవర్లు, ఆటో కిరాయిలు 2,000. మొత్తం 30,000. బస్సుకు అమ్మీ, బేటీ ఇద్దరైతే మహాలక్ష్మి పథకం కింద ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు, అదొక్కటి మిగులు. కోరుట్ల నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైనే వచ్చి జేబీఎస్‌లో దిగి, పుస్తకాల కార్టన్‌తో హైటెక్స్ దాకా పోవడం వేరే కథ.

పుస్తకం 150 రూపాయలకు అమ్మితే ఖర్చు రావడానికే 200 కాపీలూ అమ్ముడుపోవాలి. రోజుకు ఎనిమిది గంటల లెక్కన మూడు రోజులంటే 24 గంటలు. అంటే ప్రతి ఏడు నిమిషాలకు ఒక పుస్తకం పోవాలి, నమాజుకు, అన్నానికి కూడా లేవకుండా. తెలియని పేరు, తెలియని పాత్ర, తెలియని కథ ఏడు నిమిషాలకొకటి అమ్ముడుపోవడం ఎంత కష్టమో దుకాణం నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇందులో చేతి పని ధర అసలు వేయనేలేదు. ఒక్కో పేజీకి రెండు రోజులు పడితే 24 పేజీలకు 48 రోజులు. మన ప్రాంతంలో ఈ విషయం బీడీలు చుట్టే అమ్మలకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కడతారు. ఆకు కత్తిరించడం, తడపడం, రాత్రి కూర్చుని మడవడం ఎవరి లెక్కలోకీ రాదు. కార్ఖానా దగ్గర ఛాట్ పేరుతో పక్కన పెట్టినవి పోను మిగిలిందే కూలి. కామిక్ వేసే బిడ్డ పని కూడా పీస్ రేటు పనే, కాకపోతే ఇక్కడ వెనక్కి పోయే ఛాట్ కార్టన్ నిండా తిరిగొచ్చే కాపీలు.

మరి టేబుల్ పెట్టినవాళ్లు ఎలా నిలబడుతున్నారు? స్టిక్కర్లతో. నాలుగైదు రూపాయల్లో తయారయ్యే స్టిక్కర్ ముప్పైకి పోతుంది. కీచైన్, పోస్టర్, బ్యాడ్జ్ కూడా అంతే. ఒక టేబుల్‌ను రెండు, మూడేళ్లు వరుసగా చూస్తే పుస్తకాలు మెల్లగా మూలకు జరిగి, ముందు వరస అంతా స్టిక్కర్లు అయిపోవడం కనబడుతుంది. ఆ స్టిక్కర్ల మీద ఉండేది చాలావరకు సొంత పాత్ర కూడా కాదు.

ఇక్కడే అసలు చిక్కు. ఎక్కువగా అమ్ముడుపోయేవి స్పైడర్ మ్యాన్, లూఫీ లాంటి ఇతరుల పాత్రలు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఆ పాత్రలకు యజమానులున్నారు. చేత్తో మనమే గీసినా, అనుమతి లేకుండా అమ్మడం చిక్కులోకి దిగడమే. కంపెనీలు చాలాసార్లు చూసీచూడనట్టు వదిలేస్తాయి, వదిలేయడం అంటే హక్కు ఇచ్చినట్టు కాదు. అదే చట్టం మన బిడ్డను కూడా కాపాడుతుంది. సొంత పాత్రను గీసిన క్షణం నుంచి దాని మీద హక్కు ఆ బిడ్డదే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఎవరైనా ఆర్డర్ ఇచ్చి పెయింటింగో, పోర్ట్రెయిటో వేయించుకుంటే మాత్రం, ముందే రాసుకోకపోతే హక్కు పైసలిచ్చినవాళ్లకు పోతుంది. పని తీసుకునేటప్పుడే ఒక కాగితం ముక్క మీద రాసుకోవడం మంచిది, మామూ కొడుకు పెళ్లి కార్డు బొమ్మ అయినా సరే.

గెలిచినవాళ్లు ముందు ఎక్కడ కూర్చున్నారు?

అలాగని సొంత కథతో నిలబడినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్లు కామిక్ కాన్‌తో మొదలుపెట్టలేదు, అదీ తేడా.

గ్వాలియర్‌కు చెందిన మహమ్మద్ ఫైసల్ 'గార్బేజ్ బిన్' అనే పేరుతో 2011లో ఫేస్‌బుక్‌లో బొమ్మలు పెట్టడం మొదలుపెట్టారు. గుడ్డూ అనే పిల్లాడు, ఒక మామూలు మధ్యతరగతి ఇల్లు, టీవీ యాంటెన్నా, పరీక్షలు, అమ్మ చేతి దెబ్బలు. అంతే. గ్వాలియర్ ఏమన్నా కామిక్స్ రాజధానా? కాదు. జనం ఫోన్లలో, కంప్యూటర్లలో గుడ్డూను ముందే కలుసుకున్నారు. ఆ తర్వాత కామిక్ కాన్‌లో పుస్తకం కనబడితే, అది తెలిసిన మనిషి ఇంటికి పోయినట్టే.

బెంగళూరుకు చెందిన మహమ్మద్ అలీ వకీల్, మహమ్మద్ ఆరిఫ్ వకీల్ అన్నదమ్ములది మన గల్ఫ్ కుటుంబాలకు ఇంకా దగ్గరి కథ. సూఫీ పెద్దల చిన్న చిన్న కథలను కామిక్‌లుగా ఇంటర్నెట్‌లో పెడుతూ పోయి, 2011లో '40 సూఫీ కామిక్స్' పుస్తకం తెచ్చారు. తర్వాత బహ్లూల్ మీద, రూమీ మీద పుస్తకాలొచ్చాయి. వాళ్లకు సూపర్‌హీరోలతో పోటీ లేదు. ఆ కథలు కావాలనుకునే జనం వేరే ఉన్నారు, వాళ్లను ముందే వెతుక్కున్నారు.

కైరోలో దీనా మొహమ్మద్ 2013లో హిజాబ్ వేసుకున్న సూపర్‌హీరో 'కాహెరా'ను ఇంటర్నెట్‌లో మొదలుపెట్టినప్పుడు ఆమెది కాలేజీ వయసు. తర్వాత 'షుబేక్ లుబేక్' మొదటి భాగాన్ని సొంతంగా అచ్చేయించుకుని 2017లో కైరో కామిక్స్ ఫెస్టివల్‌కు తీసుకుపోయారు. అక్కడ గ్రాండ్ ప్రైజ్ వచ్చింది. 2023లో అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థ ఇంగ్లీషులో వేసింది. గమనించాల్సింది ఏమంటే, ఆమె రాసింది అరబీలో. తన ఊరి కియోస్క్, తన ఊరి సర్కారు ఆఫీసు, తన ఊరి మాట.

మలేషియా లాట్ సంగతి దీనికి కూడా ముందుది. మహమ్మద్ నోర్ ఖాలిద్ అసలు పేరు. పల్లెటూరి పిల్లాడు, 13 ఏళ్లకే మొదటి కామిక్ అచ్చయింది. 1979లో వచ్చిన 'కంపుంగ్ బాయ్'లో ఉన్నది పల్లెలో పుట్టడం, ఖురాన్ చదువు, ఈత, బడి, ఒక కుటుంబం. మలేషియా మొత్తం దాన్ని సొంతం చేసుకుంది, 2006లో అమెరికాలో కూడా వచ్చింది. నరుటోను ఎంత బాగా గీసినా జపాన్ వాళ్లకంటే బాగా గీయడం కష్టం. కానీ కోరుట్లలో మధ్యాహ్నం మూడు గంటలకు బీడీ చాట చుట్టూ కూర్చున్న నలుగురు ఆడవాళ్ల ముచ్చట్లు జపాన్‌లో ఎవరికీ తెలియవు.

ఆ ముచ్చట్లు ఏ భాషలో జరుగుతాయి? ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగో ఇంగ్లీషో. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ మాట వస్తుంది, లిపి అంతగా రాదు. దక్కనీ సంభాషణను తెలుగు లిపిలో పెట్టిన కామిక్ ఒకటి వస్తే జగిత్యాల నుంచి నిజామాబాద్ దాకా చదివేవాళ్లు ఉంటారని నా నమ్మకం. 'ది అంగ్రేజ్' సినిమా దక్కనీ మాటతో ఇల్లిల్లూ తిరిగింది. పెద్ద హీరో లేడు, ఉన్నదల్లా మన గల్లీ మాట. కామిక్ కాన్ హాల్‌లో ఎక్కువ పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. అక్కడ ఈ మాటకు కొనేవాళ్లు తక్కువే. అందుకే ముందు ఇక్కడ.

ఒక్క దారి మీద ఆధారపడితే

సిరిసిల్లవాళ్లకు ఇది ఎవరూ నేర్పాల్సిన పాఠం కాదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ మరమగ్గాలకు తిండి పెట్టింది. సర్కారు మారింది, 2024లో ఆ ఆర్డర్ ఆగింది, మగ్గాలు ఆగాయి, ఇళ్లల్లో పొయ్యిలు ఆగిన రోజులూ చూశాం. తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో ఆర్డర్లు వచ్చాయి సరే. కొనేది ఒక్కరే అయినప్పుడు నేసేవాడి చేతిలో ఏమీ ఉండదన్నది మాత్రం ఊరంతా చూసింది.

కామిక్స్‌లో కూడా అదే జరిగింది, అదీ చాలా పెద్ద దేశాల్లో. అమెరికాలో దశాబ్దాలుగా కామిక్ షాపులకు పుస్తకాలు చేర్చిన డైమండ్ సంస్థ 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. దాని గోడౌన్లలో ఉన్న చిన్న ప్రచురణకర్తల సరుకు ఎవరిదన్న గొడవ కోర్టుకెక్కింది. ఫ్రాన్స్‌లో 1974 నుంచి నడుస్తున్న అంగులేమ్ కామిక్స్ పండుగ 2026 జనవరిలో జరగలేదు. నిర్వహణ సంస్థ తీరు మీద ఆగ్రహించి ఆర్టిస్టులు, రచయితలు బహిష్కరించారు, రద్దు చేయక తప్పలేదు. అక్కడ ఆర్టిస్టులు లేకపోతే పండుగ లేదు. హైటెక్స్‌లో ఆర్టిస్ట్ ఆలీ ఒక ఏడాది ఖాళీగా ఉన్నా గేముల దగ్గర క్యూ తగ్గదు. మన బిడ్డ బేరమాడే బలం ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి అమ్ముకునే చోట్లు నాలుగైదు ఉండాలి. హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఏటా డిసెంబర్‌లో జరుగుతుంది. అక్కడికి వచ్చేటోళ్లు పుస్తకం కొనడానికే వస్తారు, తెలుగు చదివేవాళ్లే ఎక్కువ. సొంత స్టాల్ అక్కర్లేదు, తెలిసిన ప్రచురణకర్త స్టాల్‌లో ఒక మూల పది కాపీలు పెట్టినా చాలు. నాంపల్లి నుమాయిష్ 1938 నుంచి ఉంది, జనవరి 1 నుంచి 46 రోజులు మన కుటుంబాలన్నీ ఒక్కసారైనా తిరిగే చోటు. అంత ఖరీదు పెట్టలేనివాళ్లకు ఊరి ఉర్సు, స్కూల్ యాన్యువల్ డే, పెళ్లిళ్ల సీజన్ ఉండనే ఉన్నాయి. 20 పేజీల పుస్తకం 50 కాపీలు జిరాక్స్ తీసి పిన్ను కొట్టి, క్లాసులో, గల్లీలో ఇస్తే, ఎవరు రెండో భాగం అడిగారో వాళ్లే మొదటి పాఠకులు. అడగకపోతే 30,000 మిగిలినట్టే.

పోస్టాఫీసు కూడా ఒక దారి. 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ పుస్తకాల చవక పార్సిల్ సేవను ఎత్తేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలకు పెద్ద దెబ్బ తగిలింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. ప్రకటనలు ఉండకూడదు, ప్రచురించినవాళ్ల పేరు, అచ్చేసిన ప్రెస్ పేరు ఉండాలి. తమ పుస్తకం ఆ పరిధిలోకి వస్తుందో లేదో ఒక కాపీ పట్టుకుని కౌంటర్‌లో ముందే అడిగి పెట్టుకోవాలి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. స్టిక్కర్లు, టీషర్టులకు ఆ వెసులుబాటు లేదు.

ఇక గల్ఫ్. అబుదాబిలో మిడిల్ ఈస్ట్ ఫిల్మ్ అండ్ కామిక్ కాన్ జరుగుతుంది. 2012లో దుబాయ్‌లో మొదలై, 2022లో అబుదాబికి మారింది. అబ్బా అక్కడే ఉన్నాడు కదా, ఆయనతో అమ్మిద్దాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే వెంటనే మానుకోవాలి. పని వీసా మీద ఉన్న మనిషి అనుమతి లేకుండా అమ్మకాలకు దిగితే బొమ్మల పుస్తకం కోసం కొలువు పోగొట్టుకున్నట్టవుతుంది. క్యాంపులో ఉన్న మన ఊరోళ్లకు ఫోన్‌లో రెండు పేజీలు పంపడం వేరు. జగిత్యాల బస్టాండ్ బొమ్మ చూసి రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన మనిషి నవ్వితే, ఆయన దాన్ని ఇంకో పది మందికి పంపుతాడు.

ఇంట్లో వచ్చే రెండు మాటలు

ప్రాణమున్నవాటి బొమ్మలు గీయడం మీద ఉలమాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దాన్ని ఇలాంటి వ్యాసం తేల్చదు. ఇంటి పెద్దలు తమకు నమ్మకమున్న ఆలింను అడిగి తేల్చుకోవాలి. అడగకుండా బిడ్డ పుస్తకం చింపేయడం మాత్రం ఏ ఆలిం చెప్పిన పద్ధతీ కాదు.

రెండోది ఆడపిల్లల సంగతి. గుంపు, వేషాలు, మూడు రోజులు పరాయి ఊరు. ఆ భయం అబద్ధం కాదు, కానీ దానికి దారులున్నాయి. మొదటి ఏడాది అమ్ముకోవడానికి కాదు, చూడటానికి పోవాలి. ఒక్కరోజు టికెట్ తీసుకుని, అమ్మీతోనో ఖాలాతోనో పోయి, ఆర్టిస్ట్ ఆలీలో పది టేబుళ్ల దగ్గర ఆగి, ఎన్ని పుస్తకాలు పోయాయి, ఎన్ని స్టిక్కర్లు పోయాయి అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకుని రావాలి. ఆర్టిస్టులు చాలావరకు దాచుకోకుండా చెబుతారు, వాళ్లూ అలా అడిగే వచ్చినవాళ్లే. టేబుల్ తీసుకునే రోజు వచ్చినప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి ముగ్గురు కలిసి ఒకే టేబుల్ పంచుకునే వీలుందేమో నిర్వాహకులను అడగాలి. అప్పుడు పై లెక్కలో 12,000 కాస్తా 4,000 అవుతుంది, ఒకరు నమాజుకు లేచినా టేబుల్ దగ్గర ఇద్దరుంటారు.

ఇప్పటికి చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. బడ్జెట్‌లో చెప్పిన ఆ 15,000 స్కూళ్లలో మన మూడు ఊళ్ల సర్కారు బడులు, ఉర్దూ మీడియం బడులు కూడా ఉండాలని స్కూల్ కమిటీలు డీఈఓ ఆఫీసుకు ఇప్పుడే రాసి ఇవ్వాలి. జాబితా బయటికొచ్చిన తర్వాత మన పేరెందుకు లేదని అడగడం మనకు బాగా అలవాటు. ల్యాబ్ అంటే కంప్యూటర్లు తెచ్చి గదికి తాళం వేయడం అయితే దండగ. గీయడం తెలిసిన టీచర్ ఉన్నారా, ప్రభుత్వ స్కూళ్లలో డ్రాయింగ్ టీచర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి అన్నది ఆ దరఖాస్తులోనే అడగాలి.

పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం ప్రపంచమంతా తిరిగినా గీసింది తన ఊరి ఆడవాళ్లనే. మన దగ్గరే చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డ మీద గడులు గడులుగా కథ గీసిస్తే, కథ చెప్పేవాళ్లు దాన్ని ఊరూరా మోసుకుపోయి విప్పి చెప్పేవాళ్లు.